డ్రిప్పు పైపు అమ్ముడుపోతుంది, మల్చింగ్ షీటు కాలిపోతుంది: తేడా ఎక్కడుంది?

అనంతపురం జిల్లాలో టమోటా కోతలు అయిపోయిన తోటల దగ్గర ఏటా ఒకే రకం పని కనపడుతుంది. రైతు ముందు డ్రిప్పు పైపులు ఎత్తుతాడు. మట్టి దులిపి, చుట్టలు చుట్టి, మోటారు షెడ్డు పక్కన పెడతాడు. ఇంకో పంటకు పనికొచ్చేవి ఒక పక్క, ఎలుకలు కొరికినవీ ఎండకు చీలినవీ ఇంకో పక్క. ఆ పనికిరాని చుట్టలు కూడా పారేయరు, గుజరీ ఆటో వచ్చినప్పుడు కాటా వేసి అమ్ముతారు.

ఆ తర్వాత మల్చింగ్ షీటు వంతు. కలుపు రాకుండా, తేమ పోకుండా మొక్కల చుట్టూ నేల మీద పరిచే పల్చటి ప్లాస్టిక్ షీటు ఇది. అది పీకుతుంటేనే చినిగిపోతుంది. సగం మట్టిలోనే ఇరుక్కుంటుంది, పైకి వచ్చిన సగానికి మట్టి పెళ్లలు, వేర్లు, ఎండిన కొమ్మలు అంటుకుని ఉంటాయి. దాన్ని ముద్దలు చేసి గట్టు మీద పడేస్తారు. సాయంత్రం గాలి తగ్గాక అగ్గిపుల్ల గీస్తారు.

రెండూ పాలిథిన్ జాతివే. పొలం ఒకటే, రైతూ ఒకడే. ఒకటి కరిగి మళ్లీ ఏదో ఒక వస్తువు అవుతుంది, ఇంకోటి నల్లటి పొగ అవుతుంది. పర్యావరణం మీద ప్రేమ ఉందా లేదా అన్నదే కారణమైతే రెండింటికీ ఒకే గతి పట్టాలి. అలా జరగడం లేదు కాబట్టి మనుషులను ఏది కదిలిస్తుందో వేరే చోట వెతకాలి.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే, 2025 జనవరి 18న కడప జిల్లా మైదుకూరులో స్వచ్ఛాంధ్ర–స్వర్ణాంధ్ర కార్యక్రమం మొదలైంది. ప్రతి నెల మూడో శనివారం పరిశుభ్రత మీద కార్యక్రమాలు పెడుతున్నారు. వాడినదాన్ని మళ్లీ వాడకంలోకి తేవడమనే అర్థంలో సర్క్యులర్ ఎకానమీ అనే మాట ప్రభుత్వ ప్రకటనల్లో తరచుగా వినపడుతోంది. ర్యాలీలు, ప్రతిజ్ఞలు జరుగుతున్నాయి. మరి జనం అలవాట్లు నిజంగా ఎప్పుడు మారతాయి, ఎప్పుడు మారవు?

క్లుప్తంగా

తిరిగి వాడే అలవాటు రావడానికి ముఖ్యంగా నాలుగు కారణాలు పనిచేస్తున్నాయి. వస్తువు తిరిగి ఇస్తే చేతికి ఏదో రావాలి. పక్కవాళ్లు కూడా చేస్తున్నట్టు కంటికి కనపడాలి. పని తేలికగా ఉండాలి. చేసిన పని వృథా కాలేదన్న నమ్మకం ఉండాలి. అవగాహన అవసరమే, కానీ ఈ నాలుగూ లేనిచోట అవగాహన ఒక్కటే నిలబడటం లేదు. డబ్బు బాగా పనిచేస్తుంది, పెట్టే పద్ధతి తప్పితే ఎదురు కూడా తిరుగుతుంది.

మాట కొత్తది, పని పాతది

నేలలోంచి తవ్వి తీయడం, తయారు చేయడం, వాడటం, పారేయడం: ఇప్పుడు లోకమంతా నడుస్తున్న పద్ధతి ఇది, ఒకవైపే పోయే దారి. ఆ దారిని వంచి మొదటికి కలపడమే సర్క్యులర్ ఎకానమీ. చాలామంది దీన్ని రీసైక్లింగ్ అనుకుంటున్నారు. నిజానికి రీసైక్లింగ్ కింది మెట్టు. అంతకంటే ముందు అసలు వాడకం తగ్గించడం, ఉన్నదాన్ని ఎక్కువ కాలం వాడటం, చెడిపోతే బాగు చేయించడం, తనకు అక్కర్లేకపోతే ఇంకొకరికి ఇవ్వడం ఉంటాయి.

రాయలసీమ పల్లెలకు ఇదేం వింత కాదు. ఎండాకాలంలో ఖాళీ పొలంలో గొర్రెల మంద పెట్టిస్తారు. మంద రాత్రంతా అక్కడే పడుకుంటుంది, పేడా మూత్రమూ నేరుగా నేలకు చేరతాయి, కాపరికి రైతు డబ్బో గింజలో ఇస్తాడు. పొలంలో మిగిలిన ఆకూ అలమూ గొర్రెలకు మేత, గొర్రెల ఎరువు పొలానికి మేత. వేరుశనగ సంగతీ అంతే. గింజ నూనెకు, చెక్క పశువులకు, కట్టె మేతకు, పొట్టు పొయ్యికి పోతాయి. కట్టుకుని కట్టుకుని మెత్తబడ్డ చీరలు పొరలు పొరలుగా వేసి కుడితే బొంత అవుతుంది. దువ్వెనకు ఊడివచ్చిన వెంట్రుకలు కూడా చుట్ట చుట్టి కిటికీ సందులో దాచిపెడతారు, వెంట్రుకలు కొనేవాడు వీధిలోకి వస్తే ఇచ్చి చిన్న గిన్నెనో పది రూపాయలనో తీసుకుంటారు. ఆ వెంట్రుకలు సవరాలకు, విగ్గులకు పోతాయి.

వీటిలో ఏ ఒక్కటీ పర్యావరణం పేరుతో మొదలు కాలేదు. అవసరం తెచ్చిన అలవాట్లు ఇవి. ఇక్కడే అసలు చిక్కు ఉంది. అవసరం తెచ్చిన అలవాటు అవసరం తీరగానే జారిపోతుంది. కాస్త డబ్బు వచ్చిన ఇంట్లోకి దుకాణం రగ్గు వస్తుంది, బొంత అటక ఎక్కుతుంది. అది మనుషుల తప్పు కాదు. బొంత వాళ్లకు లేమికి గుర్తు, దాన్ని వదిలించుకోవడం వాళ్లు ఎదిగినదానికి గుర్తు. పాతకాలం వాళ్లు ఎంత పొదుపుగా బతికారో అని పొగడటం వల్ల ఎవరూ మళ్లీ బొంత దగ్గరికి రారు. కాబట్టి అవసరం వదిలేసిన ఖాళీలోకి వేరే ప్రేరణ ఏదైనా రావాలి.

డబ్బు కదిలించే చోటు

ఎర్రగుంట్ల–ముద్దనూరు మధ్య ఉన్న రాయలసీమ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. బొగ్గు కాలిస్తే బూడిద తప్పదు. బూడిద ఒకప్పుడు దేశమంతటా థర్మల్ కేంద్రాలకు గుదిబండ, చెరువుల్లో నింపి పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు కడప, తాడిపత్రి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు అది ముడిసరుకు. పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఈ బూడిద కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. బూడిద ఎంత కలిస్తే, సున్నపురాయిని కాల్చి తయారుచేసే క్లింకర్ అనే ముడిసరుకు వాడకం అంత తగ్గుతుంది, అంటే సున్నపురాయి తవ్వకమూ కాల్చే బొగ్గూ తగ్గుతాయి. థర్మల్ కేంద్రాలు బూడిదను మొత్తంగా వినియోగించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ ఇచ్చింది. ఒక పక్క చట్టం తోసింది, ఇంకో పక్క లాభం లాగింది. ఎవరైనా తీసుకుపోతే చాలనుకున్న బూడిద కోసం లారీల వాళ్లు పోటీ పడే రోజు వచ్చింది.

ఇళ్లకు వస్తే ఇదే సూత్రం ఇంకా బాగా కనపడేది బ్యాటరీ అంగట్లో. ఇన్వర్టర్ బ్యాటరీ కొనడానికి పోతే అంగడాయన మొదట అడిగే ప్రశ్న "పాతది తెచ్చినారా?" అని. తెస్తే ఒక ధర, తేకపోతే ఇంకో ధర. లోపలున్న సీసానికి విలువ ఉంది కాబట్టి ఆ బేరం నడుస్తుంది. ఫలితంగా పాత బ్యాటరీ చెత్తకుప్పలో కనపడటం చాలా అరుదు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను కూడా అంతే, డిపాజిట్ కట్టిన క్యాను కాబట్టి ఖాళీ అయితే వాకిట్లో జాగ్రత్తగా పెడతారు. అదే నీళ్లు చిన్న ప్యాకెట్లో వస్తే తాగిన చోటే పడిపోతుంది. గోలీ సోడా సీసా దశాబ్దాల పాటు బండికీ మనిషికీ మధ్య తిరిగిందంటే కారణం, తాగేవాడు సీసా తిరిగి ఇచ్చేదాకా బండివాడు కళ్లతో కాపలా కాసేవాడు.

డిపాజిట్ పద్ధతిలో ఒక కిటుకు ఉంది. పది రూపాయలు బహుమతిగా ఇస్తామంటే మనిషి పెద్దగా పట్టించుకోడు. తన పది రూపాయలు అవతలివాడి దగ్గర ఉండిపోయాయంటే మాత్రం ఊరుకోడు. వచ్చే లాభం కంటే పోయే నష్టం మనసును ఎక్కువ నొప్పిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే సిద్ధాంతంగా చెప్పారు. తమిళనాడులోని నీలగిరి జిల్లాలో మద్యం సీసాలు అడవుల్లో పగిలి ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయన్న గొడవ వచ్చి, మద్రాసు హైకోర్టు జోక్యంతో 2022లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని ఖాళీ సీసా ఇస్తే తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టారు. అమ్మిన సీసాల్లో చాలా భాగం వెనక్కి వచ్చాయి, తర్వాత వేరే జిల్లాలకూ విస్తరించారు. తాగినవాడు సీసా పారేసినా ఫర్వాలేదు. ఇంకొకరికి అది పది రూపాయల నోటుగా కనపడుతుంది. మనుషులందరూ మంచివాళ్లు కావాల్సిన పని లేకుండానే అడవి శుభ్రపడుతుంది. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడే బాటిళ్లకు, డబ్బాలకు 25 సెంట్ల డిపాజిట్ ఉన్నదీ ఇందుకే.

డబ్బు ఎదురు తిరిగే చోటు

డబ్బు పెడితే చాలు అనుకోవడానికి లేదు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో ఒక పరీక్ష చేశారు, ఫలితాలు 2000లో వచ్చాయి. సాయంత్రం పిల్లలను తీసుకుపోవడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గాల్సింది పోయి పెరిగాయి. అంతకుముందు టీచరమ్మను ఆపుతున్నామే అన్న మొహమాటం ఉండేది, జరిమానా వచ్చాక అది రుసుముగా మారింది, కట్టేశాం కదా అనే ధీమా వచ్చింది. జరిమానా ఎత్తేసిన తర్వాత కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు.

ఆంధ్రప్రదేశ్ చెత్త రుసుము అనుభవాన్ని ఈ వెలుగులో చూడాలి. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైంది, ఇళ్లకు మూడు రంగుల డబ్బాలు ఇచ్చారు, పట్టణాల్లో ఇంటింటికీ వాహనాలు తిరిగాయి, నెలనెలా రుసుము వసూలు చేశారు. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. వ్యతిరేకత పెరిగి చివరకు 2024లో అది రద్దయింది. రాజకీయాల సంగతి పక్కన పెట్టి యంత్రాంగం మాత్రమే చూస్తే ఒక లోపం కనపడుతుంది. తడి పొడి వేరు చేసి ఇచ్చిన ఇంటికీ, అన్నీ ఒకే సంచిలో కుక్కి ఇచ్చిన ఇంటికీ రుసుము ఒకటే. రోజుకు గుప్పెడు చెత్త వచ్చే ముసలి దంపతులకూ, బస్తా చెత్త వచ్చే ఇంటికీ తేడా లేదు. అలాంటప్పుడు రుసుము ఖజానాకు పనికొస్తుందేమో కానీ అలవాటు మార్చదు.

దక్షిణ కొరియా 1995లో దేశమంతటా పెట్టిన పద్ధతి వేరు. అక్కడ చెత్త వేయడానికి నిర్ణీత సంచులు కొనుక్కోవాలి. ఎక్కువ చెత్త వేస్తే ఎక్కువ సంచులు, ఎక్కువ ఖర్చు. రీసైక్లింగ్‌కు వేరు చేసి ఇచ్చినదానికి రుసుము లేదు. వేరు చేసిన ప్రతిసారీ ఇంటికి ఆ నెలలోనే కొంత మిగులుతుంది. కొరియా పద్ధతిని ఇక్కడ ఉన్నపళంగా పెడితే చెత్త సంచుల్లోకి కాదు, కర్నూల్లో హంద్రీలోకి, కడపలో బుగ్గవంకలోకి, అనంతపురంలో నడిమివంకలోకి పోయే ప్రమాదం ఉంది. రాత్రిపూట వంకలో విసిరేస్తే అడిగేవాళ్లు లేనిచోట పారేయడానికి రుసుము పెట్టడం కంటే తిరిగి ఇచ్చినదానికి డబ్బు ఇవ్వడమే క్షేమం.

కవర్ల దగ్గర ఇంకో రకం చిక్కు. ఐర్లండ్ 2002లో ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల పన్ను వేస్తే వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. మన దగ్గర 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం ఉంది, ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. అయినా అనంతపురం పాతూరులోనో కడప వైవీ స్ట్రీట్‌లోనో బండి దగ్గర నిలబడితే పావుకిలో పచ్చిమిరపకాయలకు పల్చటి కవరు ఉచితంగానే వస్తోంది. బండాయనకు రూల్ తెలియక కాదు. కవరు లేదంటే బేరం పక్క బండికి పోతుంది. ఒక్కడు పాటిస్తే ఒక్కడే నష్టపోతాడు, అందరూ ఒకే రోజు మానేస్తే ఎవరికీ నష్టం లేదు. అందుకే వారం రోజులు దాడులు చేసి వదిలేయడం వల్ల ఏమీ నిలవదు. మొత్తం మార్కెట్ ఒకే మాట మీదకు రావాలి, లేదా పల్చటి కవర్లు తయారయ్యే చోటే ఆగాలి. వాడేవాళ్లను తిట్టడం చాలా తేలిక, కానీ ఇక్కడ పట్టు వాళ్ల చేతిలో లేదు.

పక్కింటి వాకిలి

అమెరికాలోని ఒక హోటల్లో తువ్వాళ్లు రోజూ ఉతకనక్కర్లేకుండా మళ్లీ వాడమని గదుల్లో కార్డులు పెట్టారు. పర్యావరణాన్ని కాపాడండి అని రాసిన కార్డు చూసి 35 శాతం మంది వాడారు. ఇక్కడ బసచేసిన వాళ్లలో ఎక్కువమంది మళ్లీ వాడుతున్నారు అని రాస్తే 44 శాతం మంది వాడారు. ఈ అధ్యయనం 2008లో వచ్చింది. నలుగురు చేస్తున్నారన్న కబురు నీతి బోధ కంటే ఎక్కువ దూరం తీసుకుపోయింది.

నలుగురితో పాటు నారాయణ అని మనవాళ్లు ఎప్పటినుంచో అంటున్న మాటే ఇది. అయితే అది రెండు వైపులా కోస్తుంది. కల్యాణ మండపంలో ఆకు పక్కన చిన్న నీళ్ల బాటిల్ పెట్టడం ఇప్పుడు మర్యాద అయిపోయింది. రెండు గుక్కలు తాగి వదిలేసిన బాటిళ్లు బంతి బంతికీ వందల్లో పోగవుతాయి. పెళ్లి చేసే ఇంటివాళ్లకు ఇది దుబారా అని తెలుసు. కానీ స్టీలు గ్లాసులు పెట్టి జగ్గుతో నీళ్లు పోయిస్తే "డబ్బుకు చూసుకున్నారు" అంటారేమోనని టెన్షన్. తెలంగాణలో సిద్దిపేట వాళ్లు స్టీలు బ్యాంకు పెట్టి ఫంక్షన్లకు స్టీలు ప్లేట్లు, గ్లాసులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఊరంతా వాడే వస్తువుకు పిసినారితనం అన్న ముద్ర పడదు. గిన్నెలు దొరకడం ఒక మేలైతే, ఆ ముద్ర చెరిగిపోవడం అంతకంటే పెద్ద మేలు.

వీధి మూలల్లో ఇది ఇంకా స్పష్టంగా కనపడుతుంది. "ఇక్కడ చెత్త వేయరాదు" అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, దాని కిందే కుప్ప. చదివేవాళ్లు అక్షరాలను కాదు, కుప్పను చదువుతారు. ఇక్కడ అందరూ వేస్తున్నారు, నువ్వూ వేయొచ్చు అని కుప్ప చెబుతుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో సైకిళ్ల హ్యాండిళ్లకు కరపత్రాలు తగిలించి చూశారు. పక్క గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది కాగితాన్ని కింద పడేశారు, అదే గోడ మీద పిచ్చిగీతలు గీసి ఉంచితే 69 శాతం మంది పడేశారు. మన మున్సిపాలిటీల వాళ్లు జీవీపీలు అని పిలిచే చెత్త మూలలను ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసి, రెండు పూలకుండీలు పెట్టడం వెనక ఉన్నది ఇదే సూత్రం. ముగ్గు మీద చెత్త వేయడానికి చెయ్యి ఆడదు. ముగ్గు చెరిగిపోయి మళ్లీ ఎవరూ వేయకపోతే మాత్రం నాలుగో రోజుకు కుప్ప తిరిగి వస్తుంది.

ప్రకృతి వ్యవసాయం కూడా ఈ దారినే పట్టింది. రాష్ట్రంలో 2016లో మొదలైన ఈ కార్యక్రమం మహిళా సంఘాల ద్వారా, అనుభవమున్న రైతుల ద్వారా ఊరి నుంచి ఊరికి పాకింది, 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి ద్రవజీవామృతం చేయమని ఆఫీసరు చెబితే రైతు తలూపి ఊరుకుంటాడు. పక్క ఊరి రైతు తన చేను చూపించి, ఎన్ని డబ్బాలు కలిపాడో, ఎరువుల అంగట్లో అప్పు ఎంత తగ్గిందో చెబితే ఆ మాట వేరు.

దగ్గర్లో ఉంటే, నమ్మకం ఉంటే

మనిషి ఒక పని చేస్తాడా లేదా అన్నది మూడింటి మీద ఆధారపడుతుందని ఐజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో వివరంగా రాశాడు: ఆ పని మీద అభిప్రాయం, చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకుంటారన్న లెక్క, అది తనవల్ల అవుతుందన్న ధైర్యం. మన చర్చ మొదటిదాని దగ్గరే ఆగిపోతుంటుంది. మూడోది ఎంత గట్టిదో చూడాలంటే రాయలసీమలో ఏ మండల కేంద్రానికి పోయినా చాలు.

బోరు మోటారు కాలిపోతే రైతు కొత్తది కొనడు, వైండింగ్ చేయిస్తాడు. వైండింగ్ షాపు బస్టాండు పక్కనే ఉంటుంది. మెకానిక్ మోటారు విప్పి, నల్లగా మాడిన తీగ చుట్టలు లాగి కింద పడేస్తాడు, కొత్త రాగి తీగ చుట్టలు చుట్టి, గాడుల్లో ఒక్కొక్కటే కూర్చి, చెక్కతో మెల్లగా కొట్టి సర్ది, నీళ్ల తొట్టిలో వేసి పరీక్షిస్తాడు. పాత రాగి తూకం వేసి లెక్కలో తగ్గిస్తాడు. పైరు ఎండుతుంటే రైతు ఆగలేడు, కాబట్టి పని తొందరగా అయిపోవాలి, అవుతుంది. ఇక్కడ అన్నీ కలిశాయి: కొత్తదానికంటే చాలా చవక, విడిభాగాలు దొరుకుతాయి, చేతి పని తెలిసినవాడు దగ్గర్లో ఉన్నాడు, మోటారు విప్పడానికి వీలుగా తయారైంది. రైతు ఏ ప్రతిజ్ఞా చేయకుండానే ఒకే మోటారు ఏళ్ల తరబడి నడుస్తుంది.

అదే రైతు చేతిలో ఉన్న సెల్‌ఫోన్ విషయానికి వస్తే కథ మారిపోతుంది. బ్యాటరీ లోపల జిగురుతో అంటించి ఉంటుంది, స్క్రీన్ మార్చడానికి అడిగే డబ్బుకు ఇంకొంత వేస్తే కొత్త ఫోనే వస్తుంది. వారం రోజులు ఫోన్ వదిలి ఉండటమూ కుదరదు. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువుల మీద, అవి బాగు చేయడానికి ఎంత వీలుగా ఉంటాయో పదికి ఇన్ని మార్కులని ముద్రించాలని నియమం పెట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగు చేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది. విప్పడానికే కుదరని వస్తువు కొన్నాక బాగు చేయించుకోమని జనానికి చెప్పి ప్రయోజనం ఉండదు. ఆ నిర్ణయం డిజైన్ టేబుల్ దగ్గరే జరిగిపోయింది.

ఇక నమ్మకం. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో వేయమంటారు. వంటింట్లో ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే, ఉన్న పనికి ఇంకో పని. వారం పది రోజులు శ్రద్ధగా చేసిన ఇల్లాలు ఒకరోజు వాకిట్లో నిలబడి చూస్తే బండివాళ్లు రెండు డబ్బాలూ ఒకే తొట్టిలో బోర్లిస్తారు. అంతే, ఆ ఇంట్లో వేరు చేయడం ఆగిపోతుంది. ఆమెకు అవగాహన పోలేదు, తన కష్టం నీళ్లలో పోసినట్టు అయిందని అర్థమైంది. ఒకసారి పోయిన ఆ నమ్మకం తిరిగి తేవడం మొదట తెచ్చినదానికంటే చాలా కష్టం. ఇంత జరిగినా ఆమె పాత పేపర్లు మాత్రం విడిగా పెడుతూనే ఉంటుంది, ఎందుకంటే అవి ఎక్కడికి పోతున్నాయో ఆమెకు తెలుసు, కాటా కళ్లముందే ఊగుతుంది.

మిగిల్చిన నీళ్లు ఎక్కడికి పోయాయి

అలవాటు మారినంత మాత్రాన వనరు మిగులుతుందన్న హామీ లేదు. అనంతపురం లాంటి చోట ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. డ్రిప్పు వచ్చాక ఎకరాకు పట్టే నీళ్లు తగ్గాయి, సబ్సిడీ కూడా ఉండటంతో రైతులు బాగా అందిపుచ్చుకున్నారు. అయితే మిగిలిన నీళ్లు బోర్లోనే ఉండిపోలేదు. రెండెకరాలు తడిసే బోరుతో మూడున్నర ఎకరాలు పెట్టవచ్చని తెలిశాక ఎవరైనా పెడతారు, అప్పులున్న రైతు తప్పకుండా పెడతాడు. బొగ్గు పొదుపుగా వాడే యంత్రాలు వచ్చాక బొగ్గు వాడకం పెరిగిందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లో ఇంగ్లండ్ గురించి చెప్పిన విషయమే ఇది.

మనసులో కూడా ఇలాంటిదే జరుగుతుంది. పక్కనే రీసైక్లింగ్ డబ్బా ఉన్నప్పుడు జనం కాగితం ఎక్కువగా వాడారని 2013లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. ఎలాగూ రీసైకిల్ అవుతుందిలే అన్న భరోసా చెయ్యి వదులు చేస్తుంది. కాబట్టి ఎన్ని టన్నులు సేకరించారన్న లెక్క ఒక్కటే చూసి మురిసిపోవడానికి లేదు, ఎన్ని టన్నులు కొత్తగా వాడకంలోకి వచ్చాయో కూడా చూడాలి.

మళ్లీ ఆ షీటు దగ్గరికి

ఇప్పుడు పొలం గట్టు మీద కాలుతున్న షీటును ఈ లెక్కలతో చూస్తే కారణాలు ఒక్కొక్కటే బయటపడతాయి. బరువు తక్కువ, మట్టి ఎక్కువ, కడిగితే తప్ప కరిగించడానికి పనికిరాదు కాబట్టి గుజరీ వాళ్లు ముట్టుకోరు. ఎత్తడానికి కూలీ ఖర్చు, ఎత్తినా ఇచ్చే చోటు లేదు. ఊళ్లో అందరూ కాలుస్తున్నారు కాబట్టి కాల్చడం తప్పుగా కనపడదు. తయారీదారులే వెనక్కి తీసుకోవాలన్న బాధ్యతను 2022 ఫిబ్రవరి నియమాలు ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కు పెట్టాయి, మల్చింగ్ షీటు ప్యాకేజింగ్ లెక్కలోకి రాదు. సబ్సిడీ కూడా పరిచిన విస్తీర్ణాన్ని బట్టి వస్తుంది, ఎత్తినదాన్ని బట్టి కాదు.

చైనా ఈ దెబ్బ గట్టిగా తిన్నది. షిన్‌జియాంగ్ పత్తి చేలల్లో ఏళ్ల తరబడి పల్చటి షీట్ల ముక్కలు నేలలో పేరుకుపోయి వేర్లకు, నీటికి అడ్డం పడ్డాయి. అక్కడ వాడిన షీటు మందం 8 మైక్రాన్లే ఉండేది, పట్టుకుంటే చేతిలో ముక్కలయ్యేది. 2018 మే నుంచి కనీసం 10 మైక్రాన్లు ఉండాలని ప్రమాణం మార్చారు. కారణం మన్నిక ఒక్కటే కాదు, కాస్త మందంగా ఉంటే చినగకుండా పైకి వస్తుంది, వస్తేనే ఎవరైనా తీసుకుంటారు. మన దగ్గర కూరగాయలకు 25, 30 మైక్రాన్ల షీట్లు వాడుతున్నారు, అంతకంటే పల్చటివీ అమ్ముతున్నారు. రోలు కొనేటప్పుడు రైతు చూసేది ఎకరాకు ఎంత పడుతుందన్నదే, పల్చటిది చవక. ఆరు నెలల తర్వాత ఎత్తే కూలీ ఆ ధరలో కనపడదు.

బ్యాటరీ అంగట్లో అడిగినట్టు షీటు అంగట్లో కూడా "పాతది తెచ్చినారా?" అని అడిగే రోజు వస్తే ఈ బేరం మొత్తం మారుతుంది. దానికి కొనేటప్పుడే డిపాజిట్ కావాలి, మట్టితో ఉన్న షీటును కడిగి దంచే యూనిట్ వంద కిలోమీటర్ల లోపల ఒకటైనా కావాలి, కాటా దగ్గర మట్టికి ఎంత తరుగు తీస్తారో ముందే చెప్పాలి. రవాణా పెద్ద సమస్య కాదు. సీజన్ మొదట్లో షీటు రోళ్లు వేసుకుని ఊళ్లకు వచ్చే ఆటోలు ఇప్పుడు ఖాళీగానే వెనక్కి పోతున్నాయి.